ఊరి వోటు: నేటాలు తెలుగువారి చరిత్ర నేర్పు పాఠము

దేశమును ఏలు శాసనసభకు ఎన్నికలు వచ్చినప్పుడు జనులు తెల్లవారక మునుపే వచ్చి బారులు తీరి నిలుచుదురు. ఊరి సభకు ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రము అదే జనులలో అనేకులు ఇంటనే యుండిపోవుదురు. ఊరి వోటు చిన్నదనియు, దానివలన కలుగు లాభము గాని నష్టము గాని స్వల్పమనియు వారి తలంపు. అయితే మనుష్యుడు దినదినము అనుభవించు సుఖదుఃఖములలో అధికభాగము దూరముననున్న రాజధానిలో నిర్ణయింపబడుట లేదు. కుళాయిలోని నీరు, వీధి దీపము, చెత్త బండి, మురుగు కాలువ, సంత, శ్మశానము, చిన్న అంగడికి కావలసిన అనుమతి పత్రము, ఇల్లు కట్టుకొనుటకు కావలసిన జాగా, ఇవన్నియు ఊరి సభ చేతిలోనివి. ఈ సంగతి దక్షిణాఫ్రికా దేశములోని నేటాలు సీమకు వచ్చిన తెలుగు కూలివారి సంతతికి తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదని చెప్పవచ్చును. ఏలయనగా వారు ఊరి వోటును కొంతకాలము కలిగియుండిరి. పిమ్మట దానిని పోగొట్టుకొనిరి. డెబ్బది సంవత్సరములకు పైగా అది లేకుండ బ్రదికిరి. తుదకు దానిని మరల సంపాదించుకొనిరి. ఆ చరిత్రను క్రమముగా చూచినయెడల వోటు విలువ దానంతట అదియే తేటపడును.

మొదటి రాక

1860 నవంబరు 16వ తేదీని ట్రూరో అను ఓడ చెన్నపట్టణము నుండి డర్బను రేవు చేరెను. అందు 342 మంది కూలివారు వచ్చిరి. అటుపిమ్మట 1911 వరకు అనేక ఓడలు వచ్చెను. ఆ యేబదియొక్క సంవత్సరములలో ఒప్పందముపై నేటాలుకు వచ్చినవారి లెక్క 1,52,184. వారిలో సుమారు మూడింట రెండు వంతులు చెన్నపట్టణపు రేవు నుండి బయలుదేరినవారే. గంజాము, విశాఖపట్టణము, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు మొదలైన జిల్లాల తెలుగువారు అనేకులు వారిలో నుండిరి. చెరకు తోటలు, తేయాకు తోటలు, రైలు మార్గములు, బొగ్గు గనులు వారి పని స్థలములు. 1903లో నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారు తెలుగు కూలివారి మధ్య సేవ చేయుటకు వచ్చినప్పుడు, ఉత్తర తీరమున కియర్స్నీ తేయాకు తోట మొదలైన చోట్ల తెలుగు మాటలాడు కుటుంబములు అప్పటికే స్థిరపడి యుండెను.

ఒప్పందము అయిదేండ్లది. మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగులు జీతము. ఏటేట ఒక షిల్లింగు పెరుగుచు అయిదవ యేట 14 షిల్లింగులగును. గడువు తీరిన పిమ్మట అనేకులు స్వదేశమునకు మరలక, చిన్న చెక్క భూమిని కౌలుకు తీసికొని కూరగాయలు పండించిరి. కొందరు చేపలు పట్టిరి. కొందరు తలపై గంప పెట్టుకొని వీధుల వెంబడి అమ్మిరి. కొందరు చిన్న అంగళ్లు పెట్టిరి. ఈ విధముగా స్వేచ్ఛ పొందిన కూలివాడు కొంత ఆస్తి గలవాడయ్యెను. నాటి నేటాలు చట్టము ప్రకారము 50 పౌనుల విలువ గల స్థిరాస్తి యున్న పురుషునికి గాని, ఏటికి 10 పౌనుల అద్దె చెల్లించు పురుషునికి గాని వోటు హక్కు కలదు. ఆ హక్కు చర్మపు రంగును బట్టి మొదట నిర్ణయింపబడలేదు.

శాసనసభ వోటు పోయిన విధము

1893లో నేటాలుకు బాధ్యతాయుత ప్రభుత్వము వచ్చెను. అనగా సీమ వ్యవహారములు అచ్చటి వోటర్లు ఎన్నుకొనిన మంత్రుల చేతికి వచ్చెను. మరుసటి యేడే, 1894లో, భారతీయులను వోటర్ల జాబితా నుండి తొలగించుటకు ఒక బిల్లు తేబడెను. అప్పటికి భారతీయ వోటర్లు ఎందరు? ఐరోపావారు 9,309 మంది వోటర్లుండగా భారతీయులు 251 మంది మాత్రమే. ఇంత కొద్దిమంది వోటునకు కూడ పాలకులు భయపడిరి. వోటు విలువలేనిదే యైనచో దానిని లాగుకొనుటకు అంత ప్రయాస పడవలసిన పని యేమి?

గాంధీగారు అప్పుడు డర్బనులో నుండిరి. పదివేల మంది చేవ్రాళ్లతో ఒక మహజరు సిద్ధమై లండనులోని వలస మంత్రి రిప్పను ప్రభువునకు పంపబడెను. ఆ యేడే నేటాలు ఇండియను కాంగ్రెసు స్థాపితమయ్యెను. ఇచ్చట చదువరులు ఒక విశేషమును గమనింపదగును. భారతీయులు ప్రాతినిధ్య పరిపాలనకు అలవాటు పడనివారని నేటాలు పాలకులు వాదించిరి. అయితే ఆ మహజరు నందుకొనిన రిప్పను ప్రభువే, భారతదేశమున గవర్నరు జనరలుగా నుండినప్పుడు, 1882లో స్థానిక స్వపరిపాలనను గూర్చిన తీర్మానమును ప్రకటించి, పురపాలక సంఘములలోను తాలూకా, జిల్లా బోర్డులలోను ఎన్నికలను వ్యాపింపజేసినవారు. కావున భారతీయులు స్వదేశములో పురపాలక సంఘములకు వోటు వేయుచున్నారని గాంధీగారు చెప్పిన ప్రత్యుత్తరము బలమైనదై యుండెను. ఊరి వోటే ఒక జాతి యోగ్యతకు సాక్ష్యముగా నిలిచెనన్నమాట.

ఆ మొదటి బిల్లు లండనులో ఆమోదింపబడలేదు. అయినను 1896లో మరియొక చట్టము వచ్చెను. జాతి పేరు చెప్పక, పార్లమెంటు వోటుపై ఆధారపడిన ప్రాతినిధ్య సంస్థలు లేని దేశములవారికి వోటు లేదని అందు వ్రాయబడెను. మాట మారెను గాని ఫలము మారలేదు. నూతనముగా భారతీయులెవ్వరును శాసనసభ వోటర్లు కాకుండ త్రోవ మూయబడెను.

వోటు లేనివారిపై పన్ను పడుటకు ఆలస్యము కాలేదు. 1895లో చేయబడిన చట్టము ప్రకారము ఒప్పందము తీరిన పిమ్మట నేటాలులో నిలిచిపోవు కూలివాడు ఏటికి 3 పౌనుల పన్ను చెల్లింపవలెను. 1903లో ఆ భారము పదునారేండ్లు నిండిన కుమారులకును పదుమూడేండ్లు నిండిన కుమార్తెలకును విస్తరింపజేయబడెను. 3 పౌనులనగా 60 షిల్లింగులు, అనగా తోట కూలివాని నాలుగు మొదలు ఆరు నెలల జీతము. ఆ పన్నును తీసివేయించుటకు 1913లో గనులలోను చెరకు తోటలలోను వేలకొలది కూలివారు పని మానవలసి వచ్చెను; స్త్రీలు చెరసాలకు పోవలసి వచ్చెను; కొందరు కాల్పులలో ప్రాణములు విడిచిరి. 1914లో గాని ఆ పన్ను రద్దు కాలేదు. సభలో కొన్ని వోట్లతో అడ్డగింపదగిన దానిని సభ వెలుపల రక్తముతో అడ్డగింపవలసి వచ్చెను.

పురపాలక సంఘము చేతిలోని తాళపుచెవి

శాసనసభ వోటు పోయినను, పురపాలక సంఘపు వోటు మాత్రము ఆస్తిగల భారతీయులకు కొంతకాలము మిగిలియుండెను. అయితే వారి సంఖ్య స్వల్పము. సంఘములో అధిక సంఖ్యాకుల యిష్టమే చెల్లుచుండెను. ఆ యిష్టమెట్టిదో 1897లో వచ్చిన వర్తక లైసెన్సుల చట్టము చూపెను. దాని ప్రకారము అంగడి పెట్టుటకు అనుమతి ఇచ్చు అధికారిని పురపాలక సంఘమే నియమించును. ఆ అధికారి కాదన్నచో అప్పీలు ఎవరికి? మరల ఆ పురపాలక సంఘమునకే. న్యాయస్థానమునకు పోవు త్రోవ లేదు. సంఘ సభ్యులలో అనేకులు తామే వర్తకులు. భారతీయ వర్తకుడు వారికి పోటీదారుడు. ఈ విధముగా పోటీదారుడే న్యాయాధిపతి యయ్యెను. జీవితకాలమంతయు కూడబెట్టిన సొమ్ముతో పెట్టిన అంగడి ఒక్క అధికారి మాటతో మూతపడవచ్చును. 1909లో ఈ చట్టము సవరింపబడి, పాత లైసెన్సును తిరిగి ఇచ్చుటకు నిరాకరించినప్పుడు మాత్రము న్యాయస్థానమునకు పోవుటకు వీలు కలిగెను.

అటుపిమ్మట నేల వంతు వచ్చెను. 1922లో డర్బను పురపాలక సంఘమునకు ఒక అధికారము లభించెను. సంఘము తన భూములను అమ్మునప్పుడు, వాటిని ఏ జాతివారు కొనవలెనో, ఏ జాతివారు వాటియందు నివసింపవలెనో విక్రయ పత్రములోనే షరతుగా వ్రాయవచ్చును. పట్టణపు భూమి పట్టణస్థులందరి ఉమ్మడి సొత్తు. పన్ను కట్టిన భారతీయుని సొమ్ము కూడ అందు కలిసియున్నది. అయినను ఆ భూమిని కొనుటకు అతనికి అర్హత లేకపోయెను.

చివరకు 1924లో నేటాలు ప్రాంతీయ సభ పట్టణముల వోటునే కత్తిరించెను. అప్పటికే జాబితాలో పేరున్నవారికి వోటు నిలిచెను. వారి కుమారులకు మాత్రము అది సంక్రమింపదు. అనగా వృద్ధులు ఒక్కొక్కరుగా మరణించిన కొలది జాబితాయు క్షీణించి అంతరించవలెనని ఉద్దేశము. తండ్రికి వోటు కలదు, అదే యింటిలో అదే పన్ను కట్టుచు నివసించు కుమారునికి వోటు లేదు. హక్కు ఒక్క పెట్టున పోయినచో జనులు కేకలు వేయుదురు. కొద్దికొద్దిగా పోయినచో అనేకులు గమనింపనైన గమనింపరు.

పన్ను కలదు, మాట లేదు

1932లో డర్బను పట్టణపు ఎల్లలు విస్తరింపబడెను. మేవిల్, సిడెనుహాము మొదలైన చుట్టుపట్ల ప్రదేశములు పట్టణములో కలుపబడి, దాని వైశాల్యము సుమారు అయిదింతలయ్యెను. ఆ ప్రదేశములలో భారతీయ కుటుంబములు వేలకొలదిగా నుండెను. తోట ఒప్పందము తీరిన కూలివారు కూరగాయలు పండించుకొనుచు, రేకు కొట్టములు మొదలు మంచి మిద్దెల వరకు తమ కష్టార్జితముతో కట్టుకొనిన పేటలవి. ఒక్క దినముతో వారందరును డర్బను పట్టణపు పన్ను చెల్లించువారైరి. వోటర్లు మాత్రము కాలేదు. రోడ్డు ఏ పేటకు ముందు వేయవలెను, నీటి గొట్టము ఏ వీధికి ముందు రావలెను, చెత్తకుప్ప ఏ ప్రదేశమునకు ప్రక్కన పెట్టవలెను అను ప్రశ్నలకు ఉత్తరము చెప్పు సభలో వారి పక్షమున పలుకువారు లేకపోయిరి.

ఆ దినములలో భారత ప్రభుత్వపు ప్రతినిధులు దక్షిణాఫ్రికాలో నివసించుచు భారతీయుల పక్షమున మాటలాడుచుండిరి. 1927 మొదలు 1929 వరకు శ్రీనివాసశాస్త్రిగారును, 1929 మొదలు 1932 వరకు కూర్మా వెంకటరెడ్డినాయుడుగారును ఆ పదవిలో నుండిరి. నాయుడుగారు తెలుగువారు, న్యాయవాది, తరువాతి కాలమున మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి యైనవారు. 1931లో డర్బనులో ఆంధ్ర మహాసభ స్థాపింపబడిన కాలమును అదియే. ఇట్టి పెద్దలు మంత్రులతో సంభాషించిరి, వినతులు సమర్పించిరి. అయినను పోయిన ఊరి వోటు వారి కాలములో తిరిగి రాలేదు. మనవి చేయువాడు ఎంతటి వాగ్ధాటి గలవాడైనను, వినవలసిన సభ్యునికి అతనివలన గెలుపు గాని ఓటమి గాని లేనప్పుడు ఆ మనవి కాగితముపైననే నిలిచిపోవును. వోటరు చెప్పు చిన్న మాట సభ్యుని నిద్ర చెరుపగలదు; వోటు లేనివాని గొప్ప ప్రసంగము కొంత మెప్పును మాత్రము పొందును.

1943లో పెగ్గింగు చట్టమని జనులు పిలిచిన శాసనము డర్బనులో భారతీయులు క్రొత్తగా ఇండ్లు కొనుటను అడ్డగించెను. 1946లో మరియొక చట్టము నేటాలు అంతటను నేల హక్కులను బిగించి, దానికి మారుగా భారతీయుల తరపున తెల్లవారు మాత్రమే పార్లమెంటులో కూర్చుండు నామమాత్రపు ప్రాతినిధ్యమును చూపెను. భారతీయులు దానిని త్రోసివేసిరి. ఆ యేడు జూను 13న డర్బనులోని గేలు వీధి, అంబిలో రోడ్డు కలియు మూలనున్న ఒక ఖాళీ స్థలములో వారు గుడారములు వేసి సత్యాగ్రహము మొదలుపెట్టిరి. డాక్టరు మాంటీ నాయకరు మొదలైనవారు దానికి నాయకత్వము వహించిరి. సుమారు రెండువేలమంది పురుషులు స్త్రీలు చెరసాలకు పోయిరి. ఆ స్థలము పురపాలక సంఘమువారిదే యగుట గమనింపదగినది. ఊరి సభలో నిలువ చోటులేనివారు ఊరి నేలపై నిలువవలసి వచ్చెను.

ఇండ్లు పోయిన కాలము

వోటు లేమి వలన కలిగిన పెద్ద దెబ్బ 1950లో వచ్చిన గ్రూపు ఏరియాల చట్టముతో తగిలెను. దేశ పార్లమెంటు ఆ చట్టమును చేసినను, ఏ పేట ఏ జాతికి చెందవలెనను పటమును గీయుటలో డర్బను పురపాలక సంఘము ముందు నిలిచెను. 1958లో ప్రకటనలు వచ్చినప్పుడు కేటో మేనరు మొదలైన ప్రదేశములలో భారతీయులు తరతరములుగా కొని సాగుచేసికొనిన భూములు తెల్లవారి పేటలుగా నిర్ణయింపబడెను. వేలకొలది కుటుంబములు ఇండ్లు విడిచి పోవలసి వచ్చెను. వారికొరకు పట్టణమునకు దక్షిణమున చాట్స్‌వర్తు అను పేట కట్టబడి 1964లో తెరువబడెను. ఆ స్థలము కూడ అంతకుముందు భారతీయులు అరటి తోటలు వేసికొనిన భూమియే. పురపాలక సంఘము దానిని వారినుండి తీసికొనెను. పట్టణపు పాకీ పని, రోడ్ల పని చేయు తెలుగు, తమిళ కుటుంబములు అనేక సంవత్సరములు నివసించిన మేగజీను బారకులు కూడ ఖాళీ చేయబడి, అచ్చటివారు చాట్స్‌వర్తుకు పంపబడిరి. పట్టణమును శుభ్రపరచినవారికే పట్టణములో చోటు లేకపోయెను. 1976 మొదలు ఉత్తరపు వైపున, అంతకుముందు చెరకు పండిన నేలపై, ఫీనిక్సు పేట లేచెను.

అటుపిమ్మట పాలకులు స్థానిక వ్యవహారముల కమిటీలని కొన్ని సంఘములను భారతీయులకు ఏర్పరచిరి. అవి సలహా చెప్పవచ్చును, ఆజ్ఞాపింపలేవు. పన్ను విధించుటకు గాని, ధనము వెచ్చించుటకు గాని వాటికి స్వతంత్రాధికారము లేదు. 1980లో పురపాలక సంఘము ఇండ్ల అద్దెలు పెంచినప్పుడు ఈ కమిటీలు దానిని ఆపజాలకపోయెను. చాట్స్‌వర్తు, ఫీనిక్సు మొదలైన పేటల జనులు తామే సంఘములు కట్టి పోరాడవలసి వచ్చెను. 1984లో మూడు సభల పార్లమెంటు ఏర్పడి భారతీయులకు ఒక వేరు సభ చూపబడినప్పుడు, వోటర్లలో నూటికి ఎనుబదిమంది ఇంటనే యుండి దానిని బహిష్కరించిరి.

ఇచ్చట ఒక సందేహము కలుగును. నాటి పెద్దలు వోటు వేయకుండుటయే ధర్మమని తలంచిరి గదా, నేడు వోటు వేయనివారిని ఏల తప్పుపట్టవలెను? దీనికి ఉత్తరము కష్టమైనది కాదు. నాడు చూపబడినది వోటు పేరుగల బొమ్మ. అధికారము మరియొకచోట నుండెను. వేరు రంగువారు పూర్తిగా వెలివేయబడి యుండిరి. ఆ బొమ్మను త్రోసివేయుట నిజమైన వోటును కోరుటయే. నేడు చేతిలో నున్నది నిజమైన వోటు. దానిని వాడకుండుట నాటివారి త్యాగమును అనుసరించుట కాదు; వారు దేనికొరకు చెరసాలకు పోయిరో దానిని పారవేయుట.

తిరిగి వచ్చిన హక్కు

1994 ఏప్రిలు నెలలో దక్షిణాఫ్రికా దేశమున అన్ని జాతులవారును మొదటిసారి కలిసి వోటు వేసిరి. ఊరి సభల వంతు కొంత ఆలస్యముగా వచ్చెను. దేశములో అధికభాగమున 1995 నవంబరు 1న స్థానిక ఎన్నికలు జరిగెను; క్వాజులు-నేటాలు సీమలో మాత్రము 1996 జూను 26న జరిగెను. 1924లో మూయబడిన తలుపు 72 సంవత్సరములకు తెరువబడెను. 2000 డిసెంబరు 5న జరిగిన ఎన్నికలతో నేటి పద్ధతి స్థిరపడి, డర్బను దాని పరిసరములతో కూడి ఎతెక్విని అను మహా పురపాలక సంఘమయ్యెను. నాటి నుండి అయిదేండ్లకొక మారు ఎన్నిక జరుగుచున్నది.

ఈ హక్కును జనులు ఎట్లు వాడుకొనుచున్నారు? 2016లో దేశమంతట నమోదైన వోటర్లలో నూటికి సుమారు 58 మంది వచ్చిరి. 2021 నవంబరు 1న జరిగిన ఎన్నికలలో నూటికి సుమారు 46 మంది మాత్రమే వచ్చిరి. అనగా పేరు వ్రాయించుకొనినవారిలోనే సగముకంటె ఎక్కువమంది ఇంట నిలిచిరి. బలవంతముగా లాగుకొనబడినప్పుడు ఏడ్చిన హక్కును ఇప్పుడు తామంతట తామే విడిచిపెట్టుచున్నారు.

ఊరి సభ పని ఎంత గంభీరమైనదో నీరు నేర్పినట్లు మరేదియు నేర్పలేదు. 1917 అక్టోబరులో ఉంగేని నదికి గొప్ప వరద వచ్చినప్పుడు, ఒడ్డున కూరగాయలు పండించుకొని బ్రదుకు భారతీయ కుటుంబములను భారతీయ జాలరులే తమ పడవలో ప్రాణములకు తెగించి నూరుమందికి పైగా రక్షించిరి. 1976లో అదే నదీతీరమున స్ప్రింగుఫీల్డులోని రేకు ఇండ్ల పేట వరద పాలయ్యెను. 2022 ఏప్రిలులో వచ్చిన ప్రళయ వర్షములలో డర్బను ప్రాంతమున నాలుగు వందలమందికి పైగా మరణించిరి. ఉత్తర తీరపు చెరకు సీమకు నడుమనున్న టోంగాటులో నీటిని శుద్ధిచేయు కర్మాగారమే కొట్టుకొనిపోగా, అచ్చటి కుటుంబములు నెలల తరబడి నీటి లారీలకొరకు బిందెలతో కాచుకొని యుండిరి. వర్షమును ఏ సభయు ఆపజాలదు. అయితే కాలువలు శుభ్రముగా నున్నవా, కొండ వాలున ఇండ్లకు అనుమతి ఎవరిచ్చిరి, పాడైన కర్మాగారమును బాగుచేయుటకు ధనము ఎప్పుడు కేటాయింపబడెను, నీటి లారీ ఏ వీధికి ఏ దినమున వచ్చును అనునవి ఊరి సభ ప్రశ్నలే.

ఇతర దేశముల సాక్ష్యము

తెలుగు కూలివారు పోయిన ఇతర దేశముల చరిత్రయు ఇదే మాట పలుకుచున్నది. మారిషస్ ద్వీపములో 1947 నాటి రాజ్యాంగము ప్రకారము చదువను వ్రాయను వచ్చిన వయోజనులకు, స్త్రీలకు సహితము, వోటు లభించెను. ఆ చదువు అంగీకరింపబడిన భాషలలో దేనియందైనను కావచ్చును; ఆ భాషలలో తెలుగును చేరెను. చెరకు తోటలలో రాత్రి బడులు వెలసెను. పనినుండి వచ్చిన పురుషులు స్త్రీలు దీపముల వెలుగున అక్షరములు దిద్దిరి. 1948 ఎన్నికలకు వోటర్ల సంఖ్య సుమారు 12,000 నుండి 70,000 పైకి పెరిగెను. తల్లి నేర్పిన భాషలోని అక్షరములే కూలివానిని పౌరునిగా చేసెను.

మలయా దేశపు కథ వేరు. జార్జిటౌను పట్టణమున 1951లో పురపాలక ఎన్నికలు జరిగెను. తరువాత ఇతర పట్టణములకును అవి వ్యాపించెను. 1965లో ఇండోనేసియాతో కలహము కారణముగా అవి తాత్కాలికముగా నిలుపబడెను. కలహము తీరెను గాని ఎన్నికలు తిరిగి రాలేదు. 1976లో చేయబడిన చట్టము వాటిని పూర్తిగా తొలగించెను; నాటినుండి సభ్యులు నియమింపబడుచున్నారు. తాత్కాలికమని చెప్పి తీసికొనబడినది ఎట్లు శాశ్వతమగునో ఇందువలన తెలియుచున్నది. రబ్బరు తోటలనుండి పట్టణపు పేటలకు వచ్చిన తెలుగు కుటుంబములు తమ వీధి గూర్చి ప్రశ్నించుటకు ఎన్నికల దినము లేకయే జీవించుచున్నవి.

చేయవలసిన పని

దక్షిణాఫ్రికాలో పదునెనిమిదేండ్లు నిండిన ప్రతి పౌరునికిని, పౌరురాలికిని ఊరి వోటు కలదు. అయితే తాను నివసించు వార్డులోని జాబితాలో పేరు వ్రాయించుకొనవలెను. మరియొకచోట పేరున్నచో అచ్చటి సభ్యునికే వోటు పోవును గాని తన వీధికి అది ఉపయోగపడదు. ఒక తోటనుండి మరియొక తోటకు, తోటనుండి పట్టణమునకు మారిన కుటుంబములు ఈ సంగతిని మరువరాదు. ఎస్టేటు బారకులో నివసించువారికి కొన్నిచోట్ల ఒక భయము కలదు: ఇల్లు కంపెనీది గదా, మాకు వోటెక్కడిదని. ఇల్లు ఎవరిదైనను వోటు నివసించువానిదే. యజమానుడు గాని సర్దారు గాని ఎవరికి వోటు వేసితివని అడుగరాదు. చీటీ రహస్యము, దానిపై పేరుండదు.

సంఘములోని స్థానములలో సగము వార్డుల వారీగాను, సగము పార్టీల వోట్ల లెక్కను బట్టియు నిండును. కావున వార్డు సభ్యునికి ఒక చీటీ, పార్టీకి ఒక చీటీ వేయవలెను. మహా పురపాలక సంఘములు కాని చోట్ల జిల్లా సభకొరకు మూడవ చీటీయు కలదు. వార్డు సభ్యుడు నడుమ మరణించినను రాజీనామా చేసినను తొంబది దినములలో ఉపఎన్నిక జరుగును. ఉపఎన్నికలకు జనులు బహు స్వల్పముగా వత్తురు గనుక, ఒక్క బారకులోని కుటుంబములు కలిసి వెళ్లినయెడల వారి మాట గట్టిగా వినబడును.

ఎన్నిక దినముతో పని ముగియదు. పురపాలక సంఘపు లెక్కల సంవత్సరము జులై 1న ప్రారంభమగును. అంతకు తొంబది దినములకు ముందే ఆదాయ వ్యయముల ముసాయిదా సభ యెదుట పెట్టి, ప్రజల అభిప్రాయములు కోరవలెనని చట్టము. రోడ్డు కావలెనని జూలైలో అడిగినవానికంటె ఏప్రిలులో అడిగినవాడు జ్ఞానవంతుడు. వోటు వేసినవాడు అడుగునప్పుడు సభ్యుడు ఉత్తరము చెప్పక తప్పదు; ఏలయనగా అయిదేండ్లకు మరల ఆ గుమ్మము త్రొక్కవలెను.

ఎవరు గెలిచినను దొంగలే, వోటు వేసియు ప్రయోజనమేమి అని కొందరందురు. దుర్వినియోగము జరుగుచున్నమాట నిజమే. వోటు ఒక్కటే గొట్టములు వేయదు, కాలువలు త్రవ్వదు. అయితే వోటు లేని కాలమున చెడు సభ్యుని తొలగించుటకు త్రోవయే లేకుండెను; ఇప్పుడు కలదు. గొళ్లెము చేత నుంచుకొని తలుపు వేయక, దొంగ వచ్చెనని వాపోవుట వివేకము కాదు. పైగా మంచివారు ఇంట నిలిచిన కొలది కొద్దిమంది చేతిలో సభ పడును. 251 మంది వోటునకు ఒకనాడు ప్రభుత్వమే భయపడెనని చరిత్ర చెప్పుచుండగా, నేటి వేల వోట్లు విలువలేనివని యెవరు చెప్పగలరు?

ట్రూరో ఓడలో వచ్చినవారికి తాము దిగిన రేవును ఏలు సభలో మాట లేకుండెను. వారి మనుమలకు చేత చిక్కినట్లే చిక్కి జారిపోయెను. మునిమనుమలకును వారి బిడ్డలకును అది తిరిగి లభించినది. పేరు జాబితాలో నున్నదో లేదో చూచుకొనుట, లేనిచో వ్రాయించుకొనుట, ఇంటిలోని స్త్రీలను యౌవనులను వెంటబెట్టుకొని ఎన్నికల దినమున కేంద్రమునకు పోవుట, పిమ్మట సభ్యుని నడతను కనిపెట్టుచుండుట, ఇవి ప్రతి కుటుంబమును తన పెద్దలకు చెల్లింపవలసిన ఋణము.